సర్టిఫికెట్ కింద మనిషి

నిన్న సాయంత్రం సిరప్ మూత తీయగానే స్ట్రాబెర్రీ వాసన గుప్పుమంది. జ్వరంతో ఉన్న మా చిన్నదాని నోటికి చెంచా అందించబోతూ, అలవాటుగా సీసా మీది అక్షరాలు చూశాను. చేయి ఆగిపోయింది. డాక్టరు రాసినదానికి రెట్టింపు బలమున్న మందు అది. తెచ్చింది మా వీధి చివరి షాపు నుంచే. షాపు లైసెన్సు కోసం నా ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ గోడకు తగిలించుకుంటాననీ, నెలనెలా అద్దె ఇస్తాననీ, నేను రానక్కరలేదనీ ఆ షాపు యజమాని వారంగా అడుగుతున్నాడు. సరేననబోతున్నాను కూడా.

అక్షరాలు చూడనిదే మందు ఇవ్వకూడదని నాకు నేర్పింది యాకయ్య సార్. కాశిబుగ్గలో మా పుట్టింటి దగ్గర చిన్న మందుల షాపు ఆయనది. పోలియో వల్ల చంకకర్రతో నడిచేవారు. మధ్యాహ్నం అన్నానికి వెళితే షట్టర్ దించేసేవారు. "ఎవరినన్న కూసోబెట్టు సారూ, బేరమంతా పోతాంది," అని పక్క షాపువాళ్ళు నవ్వేవారు. "గోడ మీద పేరు నాది. కింద నేను లేకుంటె అది ఉత్త కాయితం," అనేవారాయన.

నేను ఫార్మసీ చదువు ముగించేసరికి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టే స్థోమత మాకు లేదు. నాన్న మగ్గం మీద సంపాదన ఇంటికే చాలేది కాదు. పైగా పుట్టుకతో నా ఎడమ కాలు సన్నం. నర్సంపేటలో షాపున్న ఒకాయన సర్టిఫికెట్ తనకిస్తే ఫీజు తానే కడతానన్నాడు. "నిలవడే తిప్పలుండదు, ఇంట్ల కూసుంటె పైసలొస్తయ్," అన్నాడు. నాకది దయలాగే తోచింది. సంతోషంగా వెళ్ళి సార్‌కు చెప్పాను.

ఆయన చంకకర్ర గోడకు ఆనించి కూర్చున్నారు.

"నేను గట్లనే ఇచ్చిన బిడ్డా, ఫీజుకు పైసల్లేక. ఆ షాపుల ఓ పసిపోరికి ఒక మందుకు ఇంకో మందు ఇచ్చిన్రు. దవాఖానల పడి ఎట్లనో బతికింది. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, నువ్వెక్కడున్నవ్ అప్పుడు అని అడిగింది."

మరునాడు నా ఫీజు ఆయనే కట్టారు. తన షాపులోనే పనిచ్చి, నాకోసం కౌంటర్ ఎత్తుకు స్టూలు చేయించారు. పేదలకూ వికలాంగులకూ ఫీజు తగ్గించాలని ఏటా హైదరాబాదు ఆఫీసుకు అర్జీ పంపేవారు. జవాబు రాలేదు కదా సార్ అంటే, "రాకుంటె ఫికరేంది, వాళ్ళకు నా చేతిరాతన్న గుర్తువడ్తది," అని నవ్వేవారు. ఆ స్టూలు మీద కూర్చుని నాలుగేళ్ళు పని నేర్చుకున్నాను. పిల్లలు పుట్టాక మానేశాను. ఆయన పోయిన ఏడాది కన్నుమూశారు. నన్ను నమ్మి మనిషిని చేసినందుకు ఒక్కసారి కూడా సరిగా కృతజ్ఞత చెప్పుకోలేదు.

నిన్న వెంటనే వెళ్ళి సీసా మార్పించాను. "సర్టిఫికెట్ ఒక్కటే ఇయ్యను, అన్నా. వస్తె నేనూ వస్త," అన్నాను. జీతమంటే ఎక్కువవుతుందని అతను గొణిగాడు. నేను వెనక్కిచ్చిన సీసా వైపు చూసి, సరేనన్నాడు.

ఈ పొద్దున పిల్లలిద్దరికీ చెప్పాను: "సోమారం సంది బడి ఇడిశినంక ఇంటికి కాదు, మందుల షాపుకు రాండ్రి. నేను ఆడ్నే ఉంటా."