జున్నుపాల పై, పడిపోయిన గేదె

1993 వర్షాకాలం చివర్లో నన్ను చోడవరం పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. ఆసుపత్రి మాత్రం రెండు గదులు, బయట పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, నా కింద కాంపౌండరు అప్పలనాయుడు. ఆడ డాక్టరు గేదెకు ఏం వైద్యం చేస్తుందో చూద్దామని మొదట్లో జబ్బులేని పశువులను కూడా తోలుకొచ్చేవారు. నాకు ఒళ్ళు మండేది. తర్వాత వాళ్ళకీ నాకూ అలవాటైపోయింది.

ఆ డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం దేవరాపల్లి రోడ్డులోని ఒక ఇంటి నుంచి కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం ఈనిన గేదె పడిపోయింది, లేవడం లేదు. మోపెడ్ మీద బయల్దేరాను, వెనక మందుల సంచితో నాయుడు. చెరకు కొట్టేసిన చేలల్లో ఆకు తగలబెడుతున్నారు. ఆ పొగలో పంచదార ఫ్యాక్టరీ తీపి వాసన కలిసి గాలి మత్తుగా ఉంది. ఎండ పల్చగా, పచ్చగా, ఎటూ కదలనట్టు ఉంది. ఆ ఇంటి పెరట్లో అడుగుపెట్టేసరికి ఇంకో వాసన ఎదురొచ్చింది. పాలు, యాలకులు, వెన్నలో కాలుతున్న మైదా. నేనెందుకు వచ్చానో ఒక్క క్షణం నిజంగానే మరిచిపోయాను.

గేదె పాకలో పొట్ట మీద కూలబడి, మెడ డొక్కలోకి తిప్పుకుని నిద్రపోతున్నట్టుంది. చెవి పట్టుకుంటే మంచులా ఉంది. ముట్టె ఎండిపోయింది. కనుపాపలు పెద్దవై ఎటో చూస్తున్నాయి. దీన్ని పాల జ్వరం అంటారు. పేరులో తప్ప జ్వరం ఎక్కడా ఉండదు, ఒళ్ళు చల్లబడిపోతుంది. ఈనగానే ఒంట్లోని కాల్షియం పాలలోకి దిగిపోతుంది, నెత్తురులో చాలదు. అందుకే ఈనిన కొత్తలో దూడ తాగాక పొదుగులో కొంత ఉంచెయ్యమంటాం, మొత్తం పిండెయ్యొద్దంటాం. మందు అందితే పశువు చూస్తూండగానే లేస్తుంది. అందకపోతే అలాగే నిద్రలో పోతుంది.

ఇంట్లో ఇద్దరే ఉన్నారు, చూపు పోయిన మార్తమ్మగారు, కోడలు కరుణ. కొడుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అతను డబ్బు పంపే నెలలకంటే పంపని నెలలే ఎక్కువని, ఇల్లు ఈ గేదె పాల మీదే నడుస్తోందని దారిలోనే నాయుడు చెప్పాడు.

"సెవులు సల్లబడిపోనాయి డాక్టరమ్మా. బతుకుద్దా?" అంది మార్తమ్మగారు, గేదె తలను ఒళ్ళోకి తీసుకుని.

చూద్దాం అన్నాను. ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు వాడిన మాట అదే.

కాల్షియం సీసాను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చన చేసి, మెడ నరానికి సూది ఎక్కించాను. సీసా ఎత్తి పట్టుకునే పని కరుణది. నాయుడు తాడు పట్టుకున్నాడు. నేను గుండె మీద స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఈ మందు చుక్కచుక్కగా వెళ్ళాలి. సీసా ఎత్తు పెరిగితే ధార పెరుగుతుంది, ధార పెరిగితే గుండె ఆగిపోవచ్చు. జబ్బుతో పోవాల్సిన పశువు మన చేతిలో పోతుంది.

పెరట్లో పెద్ద డేగిసాలో ఇసుక పోసి, అందులో గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచారు. లోపల ఉన్నది కస్టర్డ్ పై, అంటే మైదా అట్టలో తీపి పాలు పోసి గట్టిపడేదాకా కాల్చే దొరల వంటకం. మార్తమ్మగారు చిన్నతనంలో మిషన్ బంగళా వంటింట్లో నేర్చుకున్నదట. అక్కడ గుడ్లతో చేసేవారు. ఆవిడ జున్నుపాలతో చేస్తుంది, గుడ్డు లేకుండానే గట్టిపడుతుంది. మర్నాడు చర్చిలో కోతల పండుగ. కానుకగా తెచ్చినవన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, ఈవిడ పై కోసం జనం పోటీ పడతారట. పండుగకీ గేదె ఈనడానికీ కలిసొచ్చిందని సంబరపడి పొద్దున్నే మొదలుపెట్టారు. ఇదంతా ఆవిడ గేదె చెవి రాస్తూ, కలలో మాట్లాడుతున్నట్టు చెబుతోంది. స్టెతస్కోపులో గుండె చప్పుడు ఎక్కడో నూతిలోంచి వస్తోంది. నాకు హాయిగా ఉంది. ఆ పరిస్థితిలో హాయి ఏమిటని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఉన్నమాట అది.

అప్పుడు నాయుడు అలవాటుకొద్దీ అడిగేశాడు. "జున్నుపాలన్నారు కదా. ఎవులు పిండేరమ్మా, సుక్క ఉంచకుండా?"

అతను అడక్కపోతే నేనే అడిగేదాన్ని. కేసు వివరాలు కనుక్కోవడం మాకు నేర్పిన మొదటి పాఠం.

"నానేనండి," అంది కరుణ. అత్త తల అటు తిరిగింది. ఇంతసేపు చెప్పినదాంట్లో ఏముందో ఆవిడకు అప్పుడే తెలిసింది. "ఒసే, అబద్దం ఆడకే. కొంచెం ఒగ్గేద్దాం అత్తా అని నువ్వు అంటంటే మొత్తం పిండమన్నది నాను. దాని తప్పేటీ నేదు డాక్టరమ్మా, నా తప్పే."

"కాదత్తా..." అంటూ కరుణ ఏడుపు ఆపుకోవడానికి చెయ్యి మొహం మీదికి తెచ్చుకుంది. సీసా ఉన్న చెయ్యి ఆమెకు తెలియకుండానే పైకి లేచింది. గేదె గుండె ఒకసారి కొట్టుకుని ఆగింది. మళ్ళీ కొట్టుకునేలోపు నా ప్రాణం పోయినంత పనైంది. ట్యూబు మడిచి నొక్కిపట్టాను. ఎవరూ మాట్లాడొద్దని గట్టిగా అరిచాను. మార్తమ్మగారు రెండు చేతులూ గేదె మెడ మీద వేసి, పెదవులు కదుపుతూ ఉండిపోయింది. గుండె లయలోకి వచ్చాక ట్యూబు వదిలాను.

బయటినుంచి పై మాడుతున్న వాసన వచ్చింది. ఎవరం లేవలేదు.

కొంతసేపటికి గేదె తొడలు వణికాయి. ముట్టె మీద చెమట ముత్యాలు పోసింది. పెద్దగా త్రేన్చి, పేడ వేసి, మొదట వెనక కాళ్ళు కూడదీసుకుని లేచింది. తూలి, నిలబడింది. దూడ పొదుగు దగ్గరకు పరిగెత్తింది. చెవి వెచ్చగా ఉందో లేదో మార్తమ్మగారు నిలబడి తడుముకుంది. కరుణ సీసా అలాగే పట్టుకుని ఉంది, ఇక చాలని నేను చెప్పాల్సొచ్చింది.

మూడు రోజులు పొదుగు ఖాళీ చెయ్యొద్దని చెప్పి చేతులు కడుక్కున్నాను. ఈలోపు మార్తమ్మగారు పై తీయించి, పొగలు కక్కుతుండగానే కత్తి దించింది. "సల్లారనీ అత్తా, ఇరిగిపోద్ది. రేపు సర్చికో?" అంది కరుణ. చల్లారకుండా కోస్తే నిలవదని ఆవిడకు తెలియనిది కాదు. అడుగు మాడింది, మధ్యలో పాకంలా జారిపోయింది. మొదటి ముక్క చేత్తోనే తీసి, కోడలి మొహం తడిమి వెతుక్కుని నోట్లో పెట్టింది. తర్వాత మాకు. అంత మంచి పై నేను మళ్ళీ తినలేదు.

ఆ తర్వాత సర్వీసంతా పాల జ్వరం కేసులు చూస్తూనే వచ్చాను. ఎవరు పిండారన్న ప్రశ్న మాత్రం గేదె లేచాకే అడిగాను, నా కింద పనిచేసినవాళ్ళనూ అలాగే అడగమన్నాను. ముందు తెలిసినా మందు మారదు. సీసా పట్టుకునేది ఎప్పుడూ ఆ ఇంటివాళ్ళే.