పంపు దగ్గర తాతయ్య పెట్టిన షరతు

నా చిన్నప్పుడు సౌకార్‌పేటలో ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు కుటుంబాలుండే పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అందరికీ ఒక్కటే చేతిపంపు. ఒక ఎండాకాలం అది రోజూ వేకువన కొద్ది బిందెల నీళ్లిచ్చి, ఆపైన ఎంత కొట్టినా గాలే వదిలేది. రంజాను నెలా అప్పుడే వచ్చింది.

మా అవ్వ మడి కట్టుకుని తెల్లవారకముందే నీళ్లకు పోయేది. ఉపవాసముండే పక్కింటి అక్కకూ ఆ వేళకే నీళ్లు కావాలి. రోజూ నాకు జడ వేసే అక్క ఆమె. ఒకనాడు ఆమె బిందె మా అవ్వ మడిబిందెకు తగిలింది. మైలపడిందని అవ్వ తన నిండు బిందెను గచ్చు మీద బోర్లించేసింది.

కాలవలోకి పోతున్న నీళ్లను చూసి అక్కవాళ్ల నాన్న అరిచాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో పంపు పిడి ఊడబెరికి కొట్టడానికి ఎత్తారు. అక్కవాళ్లను ఖాళీ చేయించమని కొందరు పట్టుబట్టారు. ఇంటి ఓనరు పెత్తనమంతా మా తాతయ్యకే వదిలేశాడు. ఆయన ఊ అంటే అక్క వెళ్లిపోతుంది. నేను తాతయ్య పంచె గట్టిగా పట్టుకున్నాను.

తాతయ్య ఆ పిడి లాక్కుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎవురికి ముందు నీళ్లు కావాలో, ఎందుకో చెప్పండి. ఎవురూ వాళ్ల సామి పేరెత్తకూడదు. ఎదుటోళ్లకీ సరేననిపించాల," అన్నాడు.

"దాహం అయ్యా. పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్లు తాగదు నా బిడ్డ," అన్నాడు అక్కవాళ్ల నాన్న.

అవ్వ నోరు తెరిచి మూసుకుంది. ఆమె కారణాలన్నీ స్వామితోనే మొదలవుతాయి.

"ఈయన నన్నే ఇరికించినాడు," అంది చివరికి. "సరి, తాగే నీళ్లు ముందు పట్టుకోనీండి. ఆ తరవాత ఒక్క బిందె, ఎవురూ తగలకుండా నాకు వదలండి. నా పద్ధతి నాకుంది గదా."

"మా పద్ధతులు మాకున్నట్టే," అని అక్కవాళ్ల నాన్న ఒప్పుకున్నాడు. అన్ని ఇళ్లకూ అదే కట్టుబాటయింది.

తాతయ్య పిడి తిరిగి బిగిస్తుంటే చూశాను. ఆయనా భయపడ్డాడని, బోల్టు రెండుసార్లు చేజారినప్పుడు తెలిసింది.

ఇప్పుడు పురసవాక్కంలో మా ఫ్లాట్ల వాళ్లు ఏదైనా నియమం పెట్టాలని కూడినప్పుడు, నేను అనబోయే మాటలోంచి ముందు నా స్వామిని పక్కకు జరిపి చూసుకుంటాను. అప్పుడు మాట నిలవకపోతే ఊరుకుంటాను. పూజలో కూర్చున్నప్పుడు మాత్రం, అంత భయంలోనూ తాతయ్యకు ఆ మాట తట్టేలా చేసినందుకు ఆ స్వామికే దండం పెట్టుకుంటాను.