సోని పట్టిన మేడి

సోనిది అరకు ఎగువన కొండవాలు ఊరు. మనిషి పొట్టి, మాట గట్టి. ఆ ఊళ్ళో గరువు చెక్కలో, అంటే కొండవాలు మెట్టపొలంలో, రాళ్ళేరేది ఆడది, పెంట మోసేది ఆడది, కలుపు తీసేదీ కోసేదీ నూర్చేదీ ఆడదే. ఆఖరికి నాగలిని ఇంటి నుంచి చేను దాకా భుజాన మోసుకెళ్ళేదీ ఆడదే. కాడి కట్టాక మాత్రం మేడి, అదే నాగలి పిడి, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాన పడదట. మోసినప్పుడు అంటని దోషం దున్నితే ఎలా అంటుతుందో చెప్పిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఈ ఏడు సోని మొగుడు బుధు జీలుగు కల్లు గీయబోయి చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతను మంచమెక్కాడని తొలకరి ఆగుతుందా? పడనే పడింది. నేల పదునుకొచ్చింది. ఆ పదునులో చోడి విత్తనం, అదే రాగి, పడకపోతే ఏడాది పొడుగునా అంబలికి ఒకరి గుమ్మం ముందు నిలబడాలి.

సోని మరిది మంగ్లు ఇంటికెళ్ళింది.

"మంగ్లూ, పదునారిపోతంది. ఓ పూటొచ్చి దున్నిపెట్టు బాబూ."

"రేపొత్తాను వదినా. భూమేటి పారిపోద్దా?"

"భూమి పారిపోదు. దాన్లో తడి పారిపోద్ది."

మంగ్లు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. రేపు వచ్చింది గానీ మంగ్లు రాలేదు, బావమరిది చేను దున్నడానికి పోయాడు. మర్నాడు సంతకెళ్ళాడు. ఆ తర్వాత ఒళ్ళు బాగోలేదన్నాడు. సాయంత్రం కల్లు కుండ దగ్గర మాత్రం ఒళ్ళు బాగానే ఉంది.

ఈ ఏడే ఎండలు ముదరకముందు, ఆడవాళ్ళ దినమని మహిళా సంఘం వాళ్ళు ఊరి ఆడవాళ్ళని జీపెక్కించి అరకు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు విమానాలు నడుపుతున్నారని ఒక మేడమ్ మైకులో చెప్పింది. అందరితో పాటు సోనీ చప్పట్లు కొట్టింది. ఇప్పుడు గట్టు మీద నిలబడి, పొడిబారుతున్న మట్టిని పిడికిట్లో నలుపుతుంటే ఆ చప్పట్లు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఎవరో గాల్లో ఎగిరితే తన చెక్కలో సాలు పడుతుందా?

పోయి ఊరిపెద్ద సోంబరుతో మొరపెట్టుకుంది. ఆచారం ఆచారమే అన్నాడాయన.

"పోయినేడు వానలు ఎగ్గొట్టాయి గదా మావా. అప్పుడు ఆడదెవరన్నా మేడి పట్టిందేటి?"

"నీతో మాటలు పడలేమే గుంటా" అని సోంబరు చుట్ట వెలిగించుకున్నాడు.

మర్నాడు తెల్లారగానే సోని ఎడ్లని తోలుకెళ్ళి కాడి కట్టింది. మేడి పట్టింది. మొదటి సాలు పాములా వంకర్లు పోయింది. రెండోది కాస్త తిన్నబడింది. ఎడ్లకేం పట్టింపు? అదిలిస్తే నడిచాయి. చెక్క సగం దున్నేసరికి కింద నుంచి కేకలు. మంగ్లు, సోంబరు, వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు రొప్పుకుంటూ ఎక్కొస్తున్నారు. ఇన్నాళ్ళూ దున్నడానికి ఒక్కడికి తీరిక లేదు గానీ, ఆపడానికి నలుగురికి దొరికింది.

"ఏటి సేత్తన్నావు వదినా! ఊరంతా ఎండిపోవాలా?"

"నువ్వు సెయ్యని పని సేత్తన్నాను."

మంగ్లు ఆమె చేతిలోంచి మేడి లాక్కున్నాడు. మిగతా సగం పొద్దు నడినెత్తికి రాకముందే దున్ని పారేశాడు. ఇంతసేపటి పనికా ఇన్నాళ్ళు తిప్పింది! సోంబరు గట్టు మీద చతికిలబడి తప్పు వేశాడు: కొండదేవతకి సోని ఒక కోడి ఇచ్చుకోవాలి.

"మరి రానోడికి తప్పు నేదా మావా?"

సోంబరు చుట్ట బూడిద దులుపుకున్నాడు.

సోని ఒడిలో విత్తనం పోసుకుని చల్లడం మొదలెట్టింది. మంగ్లు చెమట తుడుచుకుంటూ, "వదినా, ఆకలేత్తంది. అంబలేదీ?" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "కుండ ఇంట్లో ఉంది. పిండి పక్కనే ఉంది. మగోడు కుండ ముట్టుకుంటే వానేటి ఆగిపోదు. పోయి కాసుకోండి."

వాళ్ళేం కాసుకుంటారు! తిట్టుకుంటూ ఖాళీ కడుపులతో దిగిపోయారు.

అరిచేతుల్లో బొబ్బలతో సోని ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. బుధు మంచం మీంచే అందుకున్నాడు. "మేడి పట్టి నా పరువు తీసేవు. అది సాలక, దున్నినోళ్ళకి అంబలైనా పొయ్యలేదట!"

సోని గుమ్మంలోనే నిలబడింది. విత్తనం పడిందా అని అడుగుతాడేమోనని కాసేపు చూసింది. అడగలేదు.