వంతెన మీది ఇత్తడి పట్టీ

నెల్లి హార్డర్ రోజూ పొద్దున్నే వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు వెళుతుంది. సరిగ్గా నడిమికి రాగానే ఆగుతుంది. అక్కడ కాలిబాటకు అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ ఉంది. ఇటు ఆస్ట్రియా, అటు జర్మనీ. ఎన్నో బూట్ల కింద అరిగి అరిగి దాని మధ్య భాగం మెరుస్తుంటుంది. నెల్లి కుడి బూటు కొసతో దాన్ని ఒకసారి తాకి, అప్పుడు దాటుతుంది. కింద సాల్జాక్ నది కొండల మంచు కరిగిన నీళ్లతో, పాలు కలిపినట్టున్న లేతపచ్చ రంగులో పోతుంటుంది. పొగమంచు కమ్మిన రోజుల్లో రెండు ఒడ్లూ కనబడవు. వంతెన ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతున్నట్టుంటుంది. ఆ రోజులంటే ఆమెకు ఇష్టం.

ఆమె పుట్టింది సోవియట్ రోజుల్లో, కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో, ఎప్పుడో వలస వచ్చిన జర్మన్ల పల్లెలో. ఇంట్లో ఉన్న జర్మన్ పుస్తకం ఒక్కటే: పిండి డబ్బా అడుగున దాచిన బైబిలు. సాయంత్రమయ్యాక అమ్మ కిటికీ తలుపులు మూసి, దీపం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుని అందులోంచే అక్షరాలు దిద్దించేది. అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవారు. బయట గాలి ఊళ వేస్తుండేది. లోపల అమ్మ వేలు ఒక్కో అక్షరం కింద మెల్లగా కదిలేది.

బడిలో సంగతి వేరు. "దేవుడున్నాడని నమ్మేవాళ్లు లేవండి" అనేది టీచరు. నెల్లి లేచేది. పాఠం అయ్యేదాకా కూర్చోమనేవారు కాదు. అప్పటి నుంచి బడి అంటే ఆమెకు నిలబడి ఉండటమే.

ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు కుటుంబమంతా జర్మనీకి తిరిగొచ్చింది. ఇక కిటికీలు మూయక్కర్లేదు. ఇళ్లకు పెంకులు వేసే వాల్దెమార్‌ను నెల్లి పెళ్లి చేసుకుంది. అతను నది ఒడ్డునే సొంతంగా ఇల్లు కట్టి, కప్పు మీది ప్రతి పెంకూ తన చేత్తోనే వేశాడు. తబేయా పుట్టింది. తర్వాత రూబెన్.

తబేయా రెండో తరగతిలో ఉండగా కార్నివాల్ పండగ వచ్చింది. పిల్లలందరినీ మంత్రగత్తెల వేషాలు వేసుకు రమ్మన్నారు. వాళ్ల క్రైస్తవ సంఘంలో అలాంటివి పనికిరావు. ఆ సాయంత్రం పిల్ల బూట్లు విప్పుతూ చెప్పింది:

"అందరూ ఊరేగుతున్నారమ్మా. నేను కిటికీ దగ్గర నిలబడే ఉన్నా."

ఆ ఒక్క మాటతో నెల్లి మనసులో మళ్లీ ఆ గడ్డి మైదానపు బడిలోకి వెళ్లిపోయింది. సోమవారం నుంచి పిల్లను బడికి పంపలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తన అమ్మ చెప్పినట్టే తానూ చెప్పింది.

కానీ జర్మనీలో పిల్లలకు ఇంట్లో చదువు చెప్పడం చట్టం ఒప్పదు. వాళ్ల సంఘంలోనే ఇంకో ఆరు కుటుంబాలు అదే దారి పట్టాయి. ముందు జరిమానాలు వచ్చాయి. అంతకు మునుపే వేరే ఊళ్ల క్రైస్తవ కుటుంబాలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి ఓడిపోయి వచ్చాయి. ఒక పొద్దున తబేయా గంజి తాగుతుండగా ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, నాకూ పిల్లలున్నారు. గొడవ చేయకండి. పిల్లకు బూట్లు తొడగండి, బడికి తీసుకెళ్లాలి."

తొడిగింది. బండి వెళ్లిపోయాక గంజి మీద మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చుంది. వారం తిరక్కుండానే పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర ఉంచాలా వద్దా అన్నది కూడా కోర్టుకెక్కింది.

వకీలే దారి చెప్పాడు. అవతలి ఒడ్డున చట్టం వేరు. అక్కడ ఇంట్లోనే చెప్పుకోవచ్చు, ఏడాది చివర పిల్లలు బడికొచ్చి పరీక్ష ఇస్తే చాలు. తప్పితే మాత్రం అక్కడా బడికి పోవాల్సిందే. వాల్దెమార్ జర్మనీ ఒడ్డునే కాపురముంటే, పై కోర్టులో తాము వేసిన అప్పీలు నిలుస్తుంది. ఇల్లు వదిలేస్తే కేసూ పోతుంది.

అలా నెల్లి ఇద్దరు పిల్లలతో ఆస్ట్రియా ఒడ్డున, ఒక కుట్టుపని ఆవిడ ఇంటి మేడ మీద రెండు గదుల్లోకి మారింది. వాల్దెమార్ పని దిగాక రోజూ వచ్చేవాడు. బీట్‌రూట్ బోర్ష్ చారు తాగి, తబేయా లెక్కలు చూసి, చీకటి పడే వేళకు లేచేవాడు. పిల్లలు ఇత్తడి పట్టీ దాకా సాగనంపేవాళ్లు. అది దాటకూడదు. దాటితే పిల్లల్ని పట్టుకుపోతారని నెల్లి భయం.

రూబెన్ బూటు విప్పి కాలు చాపేవాడు. "నాన్నా, నా బొటనవేలు జర్మనీలో ఉంది! పోలీసుల్ని పట్టుకోమను!"

"దానికింకా బడి వయసు రాలేదులేరా" అనేవాడు వాల్దెమార్.

అందరూ నవ్వేవాళ్లు. తర్వాత అతను నడిచి వెళ్లిపోయేవాడు. నదిలోంచి లేచిన మంచు మోకాళ్ల దాకా, నడుము దాకా, భుజాల దాకా పాకేది. చివరికి టోపీ ఒక్కటే తేలుతూ పోయేది. అదీ కరిగిపోయాక పిల్లలు ఇంటిదారి పట్టేవాళ్లు.

సంఘపెద్ద బ్రదర్ పెన్నర్ అప్పుడప్పుడూ వచ్చేవాడు.

"మీ కేసే మా అందరి కేసు చెల్లెమ్మా. కాస్త ఓర్చుకో."

"ఓర్చుకుంటూనే ఉన్నాను బ్రదర్. కాఫీలోకి చక్కెర ఎంత?"

జూన్‌లో పరీక్ష వచ్చింది. ఆ ముందు వారమంతా నెల్లికి నిద్ర లేదు. లెక్కల్లో తబేయాకు బెంగ లేదు. బెంగంతా భాషతోనే. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది పల్లె జర్మన్. పుస్తకాల జర్మన్ పిల్లకు వచ్చింది బైబిలు నుంచే. నెల్లికీ అంతే కాబట్టి అందులో వింతేమీ ఆమెకు తోచలేదు.

ఆస్ట్రియా ఒడ్డు బడిలో ప్రధానోపాధ్యాయురాలు ఐగ్నర్ మేడం నవ్వుతూ అడిగింది: "నీ స్నేహితులెవరమ్మా?"

తబేయా లేచి నిలబడింది. "నా సహోదరుడైన రూబెను, మరియు కుట్టుమిషను క్రింద పండుకొను పిల్లియు."

పక్కనున్న కుర్ర టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మేడం, ఇప్పుడు మనం ఆమేన్ అనాలా?"

"నువ్వు ఊరుకోవయ్యా" అని ఆవిడ పిల్ల రాసిన వ్యాసం అందుకుంది. 'నాకు ఇష్టమైన చోటు' రాయమన్నారు. చదువుతూ చదువుతూ నవ్వు ఆపేసింది. ఇంకోసారి చదివి, కాగితం నెల్లి చేతికిచ్చింది.

*ఆ దినములలో ఒక నది యుండెను. నదిమీద వంతెనయు, వంతెనమీద ఒక గీతయు ఉండెను. సాయంకాలమైనప్పుడు మా తండ్రి లేచి తన యింటికి పోవుచుండెను. మేము గీతయొద్ద నిలువబడి ఆయన వీపును చూచుచుంటిమి. అది చిన్నదై మంచులో కలిసిపోయెను. మరియు ఆ యింట నా మంచము ఒంటరిగా నున్నది. అదియే నాకు ఇష్టమైన చోటు.*

"తప్పొక్కటీ లేదు. పాస్ చేస్తున్నాను" అంది ఐగ్నర్ మేడం. "పిల్లకు ఇంకో నాలుగు పుస్తకాలివ్వండి, ఈ కాలంవి. అంతే."

నెల్లి తలూపింది. ఆమె చూపు ఇంకా 'నిలువబడి' అన్న మాట మీదే ఉంది. అమ్మ కిటికీలు మూసినప్పుడు అందరూ ఆ తలుపుల లోపలే ఉండేవారు. తన ఇంటి నడుమ నుంచి మాత్రం నది పోతోంది.

ఆ సాయంత్రం పిల్లల్ని కాస్త వెనక ఉంచి, పట్టీ దగ్గర మొగుడి చెయ్యి పట్టుకుంది.

"వాల్దీ, కేసు వదిలేయ్."

"పిచ్చా నీకు? చలికాలం రాకముందే విచారణ. ఆరు కుటుంబాలు మనవైపే చూస్తున్నాయి."

"చూడనీ. ఆ ఆరిళ్లలోనూ నాన్నలు ఇంట్లోనే పడుకుంటున్నారు."

"పారిపోయామంటారే. పెన్నర్‌కి ఏం చెప్పను?"

"నా పెళ్లాం వినట్లేదని చెప్పు. నన్ను నిలబెట్టి అడగమను, నాకు అలవాటే."

అతను అవతలి ఒడ్డున కనబడుతున్న ఎర్రటి కప్పు కేసి చూశాడు. "ప్రతి పెంకూ నేనే వేశాను నెల్లీ."

"తెలుసు. దాని కింద ఎవరున్నారు మరి?"

అతను చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే నది చప్పుడు తప్ప నది లేదు. నెల్లి పిల్లలతో పట్టీ దగ్గర నిలబడింది. చాలాసేపటికి మంచులోంచి చెక్కతో చేసిన మంచం తలభాగం తేలుతూ వచ్చింది, నీళ్ల మీద పడవలా. దాని కింద టోపీ, టోపీ కింద చెమటలు కారుతున్న ముఖం.

"ఎవరైనా ఓ చెయ్యి వేయండర్రా! ఈ మంచం నా కంటే బరువుంది."

"నాన్నా! నా మంచం!" తబేయా పట్టీ అంచున గెంతింది. ఈసారి పల్లె జర్మన్‌లోనే.

అప్పీలు కొట్టేశారు. ఇల్లు అమ్మేశారు. బ్రదర్ పెన్నర్ కొన్నేళ్లు ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. ఆరు కుటుంబాల్లో రెండు వంతెన దాటి వచ్చాయి, మిగతావి పిల్లల్ని బడికి పంపాయి. అవతలి ఒడ్డున చట్టం ఇప్పటికీ మారలేదు.

తబేయా ఇప్పుడు ఆస్ట్రియాలోనే లింట్స్ నగరంలో నర్సు. కొడుకును బడిలోనే వేసింది. నెల్లి జర్మనీ ఒడ్డున ఒక బేకరీలో పొద్దుటిపూట పనిచేసి, మధ్యాహ్నానికి మళ్లీ పట్టీ దాటి ఇంటికి వస్తుంది.