మా ఆయన కుడి మోకాలు, దొర నాలుగు గేర్లు

ఆదివారం తెల్లవారి ఐదున్నరకి మద్రాసు చూలైపేటలో మా వీధంతా ఒక్కసారి లేచి కూచుంది. లేపింది మా దొర. దొర అంటే మా ఇంటి పాత ఇంగ్లండు మోటార్‌సైకిలు. మా మామగారు కొన్నది, ఆయన తర్వాత మా ఆయన నాదముని చేతికి వచ్చింది. వయసులో నాకన్నా పెద్దది. ఇంట్లో మర్యాద కూడా నాకన్నా దానికే ఎక్కువ. నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే తల ఎత్తి చూసేవాళ్ళుండరు గానీ, అది ఒక్క చుక్క ఆయిలు కార్చిందంటే మా ఆయన టార్చిలైటు పట్టుకుని దాని కింద దూరతాడు.

ఈమధ్యే దొర ఇంజన్ విప్పించి రీబోరు చేయించాం. కొత్త పిస్టన్ వేసిన బండిని కొంత దూరం మెల్లగా తిప్పి తెచ్చుకోవాలి. నలభై దాటకూడదు, మధ్యమధ్య ఆపి చల్లార్చాలి, అన్నిటికన్నా ముఖ్యం ఒకే గేరులో ఈడ్వకూడదు.

"గేర్లు మారస్తా ఉండాలక్కా. టాప్‌లోనే లాగినారంటే పిస్టన్ పట్టేస్తాది, ఆమీట నన్ను అనొద్దు" అని మెకానిక్ కన్నియప్ప మా ఆయనకి చెప్పకుండా నాకు చెప్పాడు. మా ఇంట్లో ఎవరికి చెబితే పని జరుగుతుందో అతనికి తెలుసు.

అందుకని పులికాట్ ప్రయాణం పెట్టుకున్నాం. మన తెలుగువాళ్ళు ప్రళయకావేరి అనే ఆ ఉప్పునీటి సరస్సు మద్రాసుకి ఒక్క పూట దూరం. (ఊరి పేరు చెన్నై అని మార్చారు. నా నోటికి ఇంకా ఎవరూ చెప్పలేదు.)

ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. దొరకేమో గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కిక్కు కూడా కుడి పక్కే. ఏడాది కిందటే కిక్కు కొట్టే ఉద్యోగం నాకు వచ్చింది. ఆయన సీటు మీద కూచుని, హ్యాండిల్ దగ్గరున్న చిన్న లివరు నొక్కిపట్టి "ఊఁ" అంటాడు. నేను కింద నిలబడి, కొంగు దోపుకుని తొక్కుతాను. ఈ భాగ్యం చూడటానికి ఎదురింటివాళ్ళు పళ్ళపుల్లలతో సహా బయటికి వస్తారు. సినిమా షూటింగులకి పాత బండ్లు అద్దెకిచ్చే రాయపురం ఆసామి ఒకడు ఈ సంగతి పసిగట్టి దొర కోసం మా గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు.

చివరికి మా ఆయనే షరతు పెట్టాడు. ప్రళయకావేరి దాకా పోయి రావాలి. కాలు సహకరిస్తే దొర మాతోనే ఉంటుంది. లేదంటే అదే సాయంత్రం ఐదింటికి ఆసామి వచ్చి తీసుకుపోతాడు. పెళ్ళయిన నాటినుంచీ అమ్మేయమని పోరుతున్నది నేనే కాబట్టి సరేనన్నాను.

మాధవరంలో మొదటి మజిలీ. పాల కాలనీ నుంచి వ్యాన్లు ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తున్నాయి. టీ కొట్టు ముందు బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన దొర చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏం సార్, లీటరుకు ఎంతిస్తాది?"

మా ఆయన నోరు విప్పేలోపలే నేను అందుకున్నాను. "ఇచ్చేదేమీ లేదు పెద్దాయనా. తాగేదే."

"అయితే మా అల్లుడు మాదిరి" అని ఆయన తన బస్సెక్కి పోయాడు.

ఎంత తిట్టినా ఒక మాట ఒప్పుకోవాలి. మెల్లగా పోయే దొర మీద పొద్దుటిపూట కూచోవడం ఒక సుఖం. కొత్త బండ్లు దోమల్లా గీపెడతాయి. దొర అలా కాదు. అడుగు అడుగుకీ ఆలోచించి మాట్లాడే పెద్దమనిషిలా ఉంటుంది దాని చప్పుడు. రెడ్‌హిల్స్ చెరువు దాటేదాకా ఆ చప్పుడు వింటూ కునుకు కూడా తీశాను. కారనోడై దగ్గర ఒక స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడి మెలకువ వచ్చింది.

మెలకువ వచ్చాక ఏదో తక్కువైందనిపించింది. ఆడవాళ్ళం ఎడమపక్కకి కాళ్ళు వేలాడేసి కూచుంటాం కాబట్టి ఆయన కుడి పాదం నాకు కనపడదు. కానీ గేరు పడితే దొర కడుపులో "టక్" మంటుంది, సీటుకి తెలుస్తుంది. వరసగా రెండు స్పీడు బ్రేకర్లు వచ్చాయి, ఒక ఎద్దుబండి అడ్డం వచ్చింది. టక్కు లేదు. టాప్ గేరులోనే, దమ్ము చాలక దొర గజగజ వణుకుతూ పోతోంది.

"గేరు తగ్గించండి."

"తగ్గించినా."

"ఏడ తగ్గించినారు? నాకు చెవులు లేవా?"

"గాలికి వినపళ్ళేదులే. నువ్వు గట్టిగా పట్టుకో."

తచ్చూరు కూడలిలో పెద్ద రోడ్డు వదిలి కుడికి తిరిగాం. ఎనిమిదింటికి పొన్నేరిలో ఇడ్లీ తిన్నాం. ఆ దారిన పోయేవాళ్ళు బస్టాండు దగ్గర తినేయడం మంచిది, పులికాట్‌లో పొద్దున టిఫిను దొరకడం అదృష్టాన్ని బట్టి. హోటల్లో మా ఆయన కుడికాలు మడవకుండా బల్ల కింద బారుగా చాపుకున్నాడు. నుదుటి మీద చెమట. ఫ్యాను నెత్తి మీదే తిరుగుతోంది.

అక్కడే నేను ఆయన్ని పట్టేసి ఉండవచ్చు. ఒక్క మాట అంటే ఇన్నేళ్ళ వాదన నేను గెలిచినట్టే. దొర రాయపురం పోతుంది, మా గుమ్మం ముందు ఆయిలు మరకలు పోతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో వడ చెప్పి దానితోపాటు మింగేశాను.

తొమ్మిదిన్నరకి పులికాట్. ముందు చేపల వాసన, తర్వాత నీళ్ళు. అంత నీళ్ళున్నా లోతు లేదు. పడవలవాళ్ళు తెడ్డు వేయకుండా గడ కర్రతో నేలని పొడుచుకుంటూ పోతున్నారు. దూరంగా గులాబీ రంగు గీత ఒకటి కనిపిస్తే ఏమిటా అనుకున్నాను. అది కాస్తా లేచి ఎగిరింది. కొంగలు! ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధుల తోట ఉంది. గేటుకి అటొకటి ఇటొకటి రాతి అస్థిపంజరాలు నిలబెట్టారు. చచ్చినవాళ్ళని చూడబోయేవాళ్ళని ఇంకా భయపెట్టడం ఎందుకో నాకర్థం కాలేదు.

"నువ్వు చూసిరా. నేను దొర దగ్గరుంటా" అని మా ఆయన ఒడ్డునే ఉండిపోయాడు.

నేను తొందరగానే తిరిగొచ్చాను. ఆయన బోర్లించిన పడవ మీద నా వైపు వీపు పెట్టి కూచున్నాడు. ప్యాంటు గుడ్డ రెండు చేతులతో పట్టుకుని, కుడికాలిని ఎవరిదో సామానులాగా ఎత్తి పక్కకి పెట్టుకుంటున్నాడు. పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి, దొర వైపు చూస్తూ ఉండిపోయాడు.

నేను ఇసకలో నడిచి ఆ పడవ దగ్గరికి పోయాను.

"ఎంతసేపట్నుంచి?"

ఆయన తిరిగి చూడలేదు. "రెడ్‌హిల్స్ నుంచి. గేరుకి పాదం ఎత్తాలంటే మోకాట్లో సూది దిగతా ఉంది." మోకాలు రుద్దుకుంటూ, "సరేలే సరోజా, ఆసామికే ఇచ్చేద్దాం. నువ్వే గెలిచినావు" అన్నాడు.

"నేను గెలిచేది మీరు చెప్పాలా? తాళం ఇట్లా ఇవ్వండి."

"దేనికి?"

"బండికి వాపసు పోయే దారి కూడా ఉండాది. ఎవరు తోలతారు, ఆ అస్థిపంజరాలా?"

"నీకు దీన్ని తోలేదానికి వచ్చునా?"

"రోజూ ఆఫీసుకి స్కూటరు మీద పోయేది మీ అత్తా?"

ఆయన మొహం ఎర్రబడింది. "నా కాలు పోయిందని అందరికీ చూపిస్తావా?"

"కాలు పోలేదు, నోరు పోయింది. నొప్పి అని ఒక్క మాట అని ఉంటే పొన్నేరి నుంచే వెనక్కి తిరిగేవాళ్ళం. కొత్త పిస్టన్‌ని ఇంతదూరం ఏడిపించి తెచ్చినారు."

ఇదంతా పక్కనే బుట్టలో రొయ్యలు ఏరుకుంటున్న ఒకామె చెవులప్పగించి వింటోంది. తడ వైపు మనిషి, తెలుగే. లేచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ కుచ్చిళ్ళతో ఎక్కితే చక్రంలో పడతావమ్మా. ఇట్లా రా" అని, "మేము నీళ్ళలో దిగి రొయ్యలు పట్టేటప్పుడు ఇట్టనే కట్టుకుంటాం" అంటూ కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి నడుం దగ్గర బిగించి దోపింది. చూస్తుండగానే చీర కాస్తా నిక్కరైపోయింది. "ఇంక సముద్రంలో అయినా తోలుకో."

దాదాపు అదే జరిగింది. కిక్కు నాకు అలవాటే కాబట్టి దొర ఒక్క తొక్కుకే పలికింది. ఒడ్డు వెంట ఖాళీ నేలలో మొదటి గేరు, రెండో గేరు బాగానే పడ్డాయి. ఎదురుగా నీళ్ళు వచ్చాయి. స్కూటరుకి బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. నా కాలు తన అలవాటు ప్రకారం బలంగా నొక్కింది. దొరకి అక్కడున్నది గేరు. కిందికి నొక్కితే పై గేరు పడుతుంది. నేను ఆగమంటే అది మూడో గేరులోకి పోయి హాయిగా ముందుకు నడిచింది. ఇంకాస్త గట్టిగా నొక్కాను. నాలుగోది కూడా వేసుకుంది.

"ఎడమకాలు! సరోజా, ఎడమకాలు!" అని మా ఆయన కుంటుకుంటూ వెంటపడ్డాడు.

ముందు చక్రం బురదలో కూరుకుని దొర తనంతట తనే ఆగింది.

"ఏమ్మా, చేపలు పట్టేదానికి బండి ఎత్తకచ్చినావా?" అంది రొయ్యలామె. ఒడ్డంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు.

ఇంకో గంట అక్కడే తిప్పించాడు. తిట్టాడు కూడా. బండి నేర్పే మగవాళ్ళకి అంత గొంతు ఎక్కడినుంచి వస్తుందో! అన్నీ పడ్డాను. తిరిగి ఇచ్చినవి లెక్కపెట్టుకోలేదు.

ఒంటిగంటకి చేపల పులుసుతో భోంచేసి బయల్దేరాం. మా ఆయన వెనక సీటు ఎక్కాడు గానీ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కొంతదూరం వెనకున్న క్యారియర్ పట్టుకున్నాడు. కొంతదూరం చేతులు కట్టుకున్నాడు. ఊరు దాటాక నా కుడి భుజం మీద చెయ్యి వేసి, గేరు మార్చాల్సిన చోట ఒకసారి నొక్కాడు. నొక్కితే మార్చాను. టక్. ఇంకోసారి. టక్. పొన్నేరి దాకా అలాగే మాటల్లేకుండా వచ్చాం. మా కాపురంలో మాటల్లేని గంట అదొక్కటే అయి ఉంటుంది.

నాకు ఇంకో వింత కూడా జరిగింది. ఇన్నేళ్ళూ ఈయన వెనక ఎక్కడికి పోయినా పోయేటప్పుడు రోడ్డుకి ఒక పక్క చూశాను, వచ్చేటప్పుడు రెండో పక్క చూశాను. ఎదురుగా ఉన్నది ఆయన వీపే. ఇప్పుడు రోడ్డు మొత్తం నా ముందు పరుచుకుని, రెండు వైపులా చింతచెట్లతో, నా వైపే వస్తోంది. ఇంత మంచిదాన్ని ఈ మనిషి ఒక్కడే చూసుకుంటూ వచ్చాడన్నమాట.

రెడ్‌హిల్స్‌లో దొరని చల్లార్చడానికి ఆపాను. మా ఆయన ఏమీ చెప్పకుండా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి నడిచాడు. అద్దం తలుపు వెనక ఏం మాట్లాడాడో వినపడలేదు. బయటికి వచ్చి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆసామికి చేసినా. ఐదింటికి రావొద్దన్నా."

"ఎందుకని చెప్పినారు?"

"ఇంట్లో తోలేవాళ్ళు ఉండారు అన్నా. ఎవరు అని అడిగినాడు. మా ఆవిడ అన్నా. నవ్వినాడు." రుమాలు మడత పెట్టుకుని జేబులో దోపుకున్నాడు. "ఫోను పెట్టేసినా."

పులికాట్ పోవాలనుకునేవాళ్ళకి చెప్పేది ఇంతే: చలికాలంలో పొండి, పక్షులు ఉంటాయి. పెట్రోలు పొన్నేరిలోనే పోయించుకోండి. పాత బండి మీద పోతే ఇద్దరికీ తోలడం వచ్చి ఉండాలి, ఇద్దరికీ నోరుండాలి.

మాధవరం దగ్గర బస్సులు, పాల వ్యాన్లు కలిసి కమ్ముకున్నాయి. రెండుసార్లు ఆగాను, మెలికలు తిరిగాను, మూడో గేరు నుంచి రెండోదానికి దింపాను, మళ్ళీ ఎక్కించాను. పెరంబూరు దాటాక గుర్తొచ్చింది, రెడ్‌హిల్స్ నుంచి మా ఆయన ఒక్కసారి కూడా నా భుజం నొక్కలేదు.

చెయ్యి మాత్రం తీయలేదు.