లారీ తలకాయకు పసుపు కుంకుమలు

మొన్నొక పొద్దున సూర్యాపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే, మా మనవడు తన మోటారుసైకిలు ఇంజను విప్పి, దాని పైభాగం ఊడదీసి, అందులోని రంధ్రంలోకి కరెంటుతో గిర్రున తిరిగే ఆకురాయి దూర్చి అరగదీయడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు నాకు మిగిలిన కాసిని పళ్ళూ జివ్వుమన్నాయి. ఏమిట్రా ఈ పని అంటే, దీన్ని పోర్టింగ్ అంటారనీ, ఇంజనుకు గాలి ధారాళంగా ఆడితే బండి బలం పెరుగుతుందనీ, హైదరాబాదులో ఏదో పందెం ఉందనీ చెప్పి, ఇదంతా నీకు అర్థం కాదులే నానమ్మా అన్నాడు. నాకు నవ్వాగలేదు. వాళ్ళ తాత ఇదే పని నా వంటింట్లో చేశాడని చెబితే వాడెలాగూ నమ్మడు. నా ఈడువాళ్ళు మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

మా పుట్టిల్లు కోదాడ, అత్తవారిది మిర్యాలగూడెం పక్కన వేములపల్లి. నా పెళ్ళినాటికి నిజాం రాజ్యం పోయి ఏడాది తిరిగిందో లేదో. మా మామ ఎద్దులను తప్ప దేన్నీ నమ్మని రైతు, అయినా కొడుకు పోరు పడలేక, యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న అమెరికా లారీ ఒకదాన్ని కొనిచ్చాడు. లారీ తిరిగేది బెజవాడ రోడ్డు మీద కనుక మా ఆయన సూర్యాపేటలో ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు, దాని పుణ్యమా అని కాపురానికి వస్తూనే నాకు సొంత పొయ్యి దొరికింది. మీరూ ఆనాటి కోడళ్ళే కనుక ఆ మాట విలువ మీకు విడమరిచి చెప్పక్కరలేదు. వేములపల్లిలో పులుసులో ఉప్పు వేయాలన్నా మా అత్త ముఖం చూడాలి, సూర్యాపేటలో ఉప్పు నా ఇష్టం, పులుసు నా ఇష్టం, తిన్నాక కాళ్ళు చాపుకుని కూర్చోవడం కూడా నా ఇష్టమే.

ఈ సుఖానికంతటికీ ఆధారమైన ఆ లారీకి ఒక జబ్బుండేది. మునగాల దాటాక రోడ్డు మీద ఒక ఎత్తు ఉండేది (ఇప్పుడు రోడ్డు చదును చేశారు, చూపించమన్నా ఎవరూ చూపించలేరు), బరువు వేసుకుని వస్తే సరిగ్గా ఆ ఎత్తు నడుమ లారీ ఆయాసపడి ఆగిపోయేది. వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు పెట్టి, సగం బస్తాలు దించి, బండి పైకి పోయాక ఆ బస్తాలు మళ్ళీ మోసుకుని పోవాలి. ఒకసారి మా మామ కూడా లారీలో ఉండగా ఇదే జరిగింది. ఆయన స్వయంగా రాయి పట్టుకుని చక్రం దగ్గర వంగి ఉన్న సమయంలోనే మా నాన్న తన ఎడ్లబండి మీద గజ్జెల చప్పుడుతో వచ్చి, లారీని దాటి, బండి ఆపి, “ఏం బావగారూ, తాడుంది, ఎద్దుల్ని కట్టి లాగమంటారా?” అని అడిగాడట. మా నాన్న మర్యాదకే అడిగానని చచ్చేదాకా అన్నాడు గానీ, ఆయన మర్యాద సంగతి మాకు తెలియనిది కాదు.

వియ్యంకుడి చేత అంత మాట పడ్డాక మా మామ సూర్యాపేట వచ్చి, నేనిచ్చిన మజ్జిగ కూడా ముట్టకుండా, “ఇగ సాలు. దసరా ఎల్లంగనే లారీ అమ్ముడే. నువ్వొచ్చి నాగలి పట్టు” అని కొడుకుతో చెప్పేసి పోయాడు. మా ఆయన లారీ కోసం దిగులుపడ్డాడు, నేను పొయ్యి కోసం దిగులుపడ్డాను. దంపతులం ఒకే దిగులుతో ఉన్నామని ఆయన అనుకున్నాడు, నేనూ కాదనలేదు.

ఆయనకు బెజవాడలో ఒక మెకానిక్కు ఒక ఉపాయం చెప్పాడట. ఇంజను పైన హెడ్డు అని ఒక పెద్ద ఇనప దిమ్మె ఉంటుంది, గాలి లోపలికి పోయేదీ పొగ బయటికి వచ్చేదీ దానిలోని రంధ్రాల గుండానే. పోత పోసినప్పటి గరుకు ఆ దారుల్లో అలాగే ఉండిపోయి గాలిని అడ్డుకుంటుంది కనుక, లోపల అరగదీసి నున్నగా చేసి, మెలిక దగ్గర కాస్త వెడల్పు చేస్తే ఇంజను నిండుగా ఊపిరి పీల్చి ఎత్తు ఎక్కేస్తుందట. కొత్త రోలు తెచ్చుకుంటే గరుకు పోయేదాకా ఊక వేసి నూరతాం కదా, అలాంటిదే కాబోలు అనుకున్నాను. బయట దుమ్మని ఆయన ఆ దిమ్మెను మరొకరి సాయంతో తెచ్చి నా వంటింట్లో పొయ్యి పక్కనే దించాడు. సొంత పొయ్యి కోసం కదా అని పళ్ళబిగువున ఊరుకున్నాను.

అప్పుడు కరెంటు ఆకురాళ్ళెక్కడివి, గుండ్రటి చేతి ఆకురాయి ఒకటీ, పుల్లకు చుట్టిన గరుకు కాగితమూ, అంతే. నేను కూర తరుగుతుంటే ఆయన పక్కన కూర్చుని అరగదీసేవాడు, ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా నల్లటి ఇనప పొడే. ఎక్కువ అరగదీస్తే గోడ చిల్లిపడి లోపలి నీళ్ళ దారి బయటపడుతుందట, దిమ్మె ఇక పనికిరాదట, తక్కువైతే ఎత్తు ఎక్కదట. ఆ మెలిక దగ్గర గరుకు ఎంత ఉందో చూడటానికి ఆయన మోటు వేలు పట్టేది కాదు. అందుకని నన్ను పిలిచేవాడు. నేను పిండి చెయ్యి కడుక్కుని వచ్చి చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, ఇక్కడ గీసుకుంటోంది, ఇక్కడ నున్నగా ఉంది, ఇక్కడ ఇంక ముట్టకు అని చెప్పేదాన్ని. కొత్త పెళ్ళికూతుర్ని, ముంజేతి నిండా మట్టిగాజులు. వేలు మెలిక దాకా పోగానే గాజులు దిమ్మె అంచుకు తగిలి గల్లుమనేవి, ఆ చప్పుడును బట్టే నా వేలు ఎంత లోతుకు పోయిందో ఆయనకు తెలిసిపోయేది. సరసమాడటానికి మా ఇద్దరికీ దొరికిన చోటు ఆ ఇనప తొర్రలే అంటే మీరు నవ్వండి, నాకేం.

పని పూర్తయ్యే వేళకు దసరా పండగకని మా అత్తామామలు వేములపల్లి నుండి వచ్చారు. దసరా మర్నాడు మిర్యాలగూడెం నుండి బండ్ల మీద వచ్చిన ఆముదాల బస్తాలు లారీకి ఎక్కించి, అందరం మా పుట్టింటికి కోదాడ వెళ్ళాలని ఏర్పాటు. కొత్త అల్లుణ్ణి తొలి పండగకు పిలిచారు కదా. ఎత్తు ఎక్కితే లారీ ఉంటుంది, ఎక్కకపోతే కోదాడలోనే బేరం కుదుర్చుకుంటానని మా మామ మాట.

పండగనాడు ఆయుధపూజకు కొడవళ్ళూ, కత్తిపీటా అన్నీ కడిగి పెట్టాక మా అత్త కన్ను హెడ్డు మీద పడింది. లారీ బయట ఉంది, దాని బానెట్టుకు బొట్టు పెట్టి రావచ్చు కదా అని మా ఆయన ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. “తలకాయ ఈడ ఉంటే బొందకు పూజ జేస్తార్రా ఎవరన్నా?” అంది. దిమ్మెను దేవుడి దగ్గరికి మోయలేక దేవుణ్ణే పటంతో సహా దాని దగ్గరికి తెచ్చి, చింతపండుతో ఇత్తడి బిందెను తోమినట్టు దాన్ని తోమి, పసుపు రాసి, ఒక్కో రంధ్రానికీ కుంకుమ పెట్టింది. పూజలో పెట్టిన వస్తువును జమ్మి చూసి వచ్చేదాకా ముట్టకూడదు కనుక మా ఆయన పొద్దుగూకేదాకా దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన హెడ్డును గుడ్డతో తుడిచి, నోటితో ఊది, చివరికి నన్ను పిలిచాడు, ఒకసారి వేలు పెట్టి చూడమని. నేను పోలేకపోయాను. ఇనప పొడితో నల్లబడిన నా వేళ్ళు చూసి మా అత్త, “కోదాడోళ్ళు సూస్తే నీతోటి బొగ్గులు మోపిస్తున్న అనుకుంటరు” అని ఆ నలుపు కనబడకుండా తెల్లవారకముందే రెండు చేతులకూ గోరింటాకు పట్టించి, పైన ఆముదపు ఆకులు చుట్టి దారంతో కట్టేసింది. అన్నం కూడా ఆవిడే పెడుతున్న దశలో నేనేం చూడగలను. ఆయన దేవుడి మీద భారం వేసి హెడ్డు బిగించాడు.

సూర్యాపేట దాటకముందే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఆరు సిలిండర్లలో ఒకటి పలకడం లేదని మా ఆయన దారిలో ఆపి ఆపి చూశాడు, ప్లగ్గులు మార్చాడు, ఏమీ తేలలేదు. ముందు సీట్లో మా మామ చాలా సంతోషంగా ఉన్నాడు, ఈసారి చెరువు కింద మడి ఎవరు దున్నాలో, ఏ ఎద్దు కుడివైపు పనికొస్తుందో కొడుక్కు వివరంగా చెబుతున్నాడు. మా అత్త ఒళ్ళో పండ్ల బుట్ట, నా ఒళ్ళో గోరింటాకు పండిన ఎర్రటి చేతులు. ఏ గిన్నెలు వేములపల్లికి మోసుకుపోవాలో మనసులోనే సర్దుకుంటూ కూర్చున్నాను.

ఎత్తు మొదట్లో మా నాన్న ఎడ్లబండితో సిద్ధంగా ఉన్నాడు. ఎదురుకోలుకు వచ్చానన్నాడు, కానీ బండిలో కొత్త తాడు కనబడుతూనే ఉంది. లారీ ఎక్కడం మొదలుపెట్టింది, ఆయన బండి వెనకే వస్తోంది. సగం ఎత్తుకు వచ్చేసరికి లారీ నీరసపడింది, మా మామ అలవాటు ప్రకారం తలుపు తెరిచి రాయి పెట్టడానికి ఒక కాలు బయటపెట్టాడు. మా ఆయన పళ్ళు కొరుక్కుంటూ ఆక్సిలేటరు నేలకు ఆనేదాకా తొక్కాడు. లోపల ఏదో తెగినట్టు పెద్ద చప్పుడైంది, లారీ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది, ఆ తర్వాత ఆరూ ఒక్క గొంతుతో పలుకుతూ ఆగకుండా పైకి పోయింది. మా మామ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని, “ఆపురా, ఆపకురా” అని రెండూ అన్నాడు. మా ఆయన రెండోదే విన్నాడు.

మా నాన్న చాలాసేపటికి పైకి వచ్చాడు. ముఖమంతా మసి, తెల్లని పంచె మీదా తలపాగాలోనూ మాడిన బియ్యపు గింజలు. లారీ పొగగొట్టంలోంచి బియ్యం ఎందుకు వచ్చాయని మగవాళ్ళు ముగ్గురూ తలలు పట్టుకుంటే, మా అత్త ఒక గింజను వేళ్ళతో నలిపి చూసి, “ఇవి నా అక్షింతలే” అంది. పూజలో ఒక రంధ్రంలో అక్షింతలు పోసి, అవి రాలకుండా ఒక ముద్ద బంతిపువ్వును బొటనవేలితో లోపలికంటా కుక్కిందట. నా వేలు తప్ప ఇంకెవరి వేలూ పోని ఆ మెలిక అవతలికే వెళ్ళి కూర్చుంది పువ్వు. మా ఆయన రోడ్డు పక్కన కూలబడిపోయాడు. మా మామ మాత్రం దిమ్మెకు దండం పెట్టి, “పువ్వు పెట్టినందుకే ఎక్కింది. లారీ అమ్మేది లేదు” అన్నాడు. ఎక్కింది తాను అరగదీసినందుకనీ, ఎక్కనివ్వనిది ఆ పువ్వేననీ చెప్పడానికి మా ఆయన నోరు తెరిచాడు. నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను. నా పొయ్యి నిలిచింది, పేరు ఆకురాయికి వస్తేనేం, పసుపుకు వస్తేనేం.

ఆ తర్వాత ప్రతి దసరాకూ హెడ్డు విప్పి మా అత్త చేత తోమించాల్సిందే, ఆ వంకన లోపల పట్టిన మసి ఏటేటా వదిలి ఇంజను నిజంగానే కొత్తదానిలా ఉండేది. మిగతా లారీలవాళ్ళు వచ్చి మా అత్తను ఏ మంత్రం చదువుతారని అడిగేవాళ్ళు. పువ్వు మాత్రం నేనే పెట్టేదాన్ని, పైన.

అవన్నీ పోయాయి. లారీ పోయింది, పెద్దవాళ్ళు పోయారు, మా ఆయనా పోయాడు. నా పొయ్యి స్థానంలో గ్యాసు వచ్చింది, పులుసులో ఉప్పు ఎంత వేయాలో ఇప్పుడు డాక్టరు చెబుతున్నాడు. మొన్న మనవడి దగ్గరికి పోయి ఆ చిన్న హెడ్డులో చిటికెన వేలు పెట్టి చూశాను, కణుపులు వాచి మెలిక దాకా పోలేదు. వాడు తన పెళ్ళాన్ని పిలిచాడు. ఆ పిల్ల వేలు సులువుగా లోపలికి పోయింది, ఇక్కడ గరుకుగా ఉందని కూడా చెప్పింది, కానీ చప్పుడే లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. “రెండు గాజులేసుకొని పెట్టు బిడ్డా” అన్నాను. ముసలిదాని చాదస్తమని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను వచ్చి మళ్ళీ బియ్యం ముందు కూర్చున్నాను.