గొడుగు మర్చిపోయే నర్సమ్మ

ఆవిడని అందరూ గొడుగు నర్సమ్మ అంటారు. ఎండా వానా లేని రోజు కూడా చంకలో నల్ల గొడుగు ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరి అభిప్రాయం. అసలు కారణం వేరు. ఆ గొడుగుని ఆవిడ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మర్చిపోతుంది.

పిల్లల ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలోనే ఆవిడ సగం జీవితం గడిచింది. వేడి టీ మీద ఒలకబోసుకున్నవాళ్ళు, మంచం మీంచి దొర్లిపడ్డవాళ్ళు, కారులో నాన్న ఒళ్ళో కూర్చుని ముందు అద్దానికి నుదురు పగలగొట్టుకున్నవాళ్ళు, ఇలా ఎందరో వచ్చేవారు. వాళ్ళ వెనకాల వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ఒకటే మాట. "ఒక్క నిమిషమండీ, ఇలా అటు తిరిగానంతే." ఆ ఒక్క నిమిషం కథ వినీ వినీ ఆవిడకి విసుగెత్తింది. "ఈ కట్లు ఇంకెవరితోనైనా కట్టించుకోండి, నేను వెళ్ళి ఆ నిమిషం సంగతి చూస్తాను" అని పెద్ద డాక్టరుతో పోట్లాడి మరీ, ఇళ్ళకి వెళ్ళి జాగ్రత్తలు చెప్పే పని వేయించుకుంది. ఆవిడ వస్తోందని ఆసుపత్రివాళ్ళు ముందురోజే ఆ ఇంటికి ఫోను చేస్తారు. మర్యాద కదా మరి. చిక్కంతా ఆ మర్యాదతోనే వచ్చింది.

ఫోను రాగానే ఇల్లు మహా బుద్ధిమంతురాలైపోయేది. మాత్రలు అటకెక్కేవి. బాత్రూంలో బకెట్ బోర్లా పడుకునేది. పొయ్యి మీద గిన్నెల పిడులన్నీ గోడవైపు తిరిగి ఒద్దికగా నిలబడేవి. ఇల్లాలు చీర చెంగు సర్దుకుని, "మా ఇంట్లో ఎప్పుడూ ఇంతేనండీ" అనేది. ఆ 'ఎప్పుడూ' పుట్టి ఇంకా గంట కాలేదని నర్సమ్మకి తెలుసు. అయినా ఆహా ఓహో అని మెచ్చుకుని, గుమ్మం పక్కన గొడుగు వదిలేసి బయల్దేరేది. వీధి మలుపు దాకా వెళ్ళి, చెప్పు పట్టీ బిగించుకుని, తాపీగా వెనక్కి వచ్చేది.

"నా మతిమరుపు మండ! గొడుగు వదిలేశానమ్మా" అంటూ తలుపు తోసేసరికి అసలు ఇల్లు దర్శనమిచ్చేది. మాత్రలు అటక దిగి టీవీ పక్కన హాయిగా కూర్చుని ఉండేవి. ఫినాయిలు మళ్ళీ కూల్‌డ్రింకు సీసాలోకి కాపురానికి వచ్చేసేది. అప్పుడు మొదలయ్యేది పాఠం. పిల్లల ఎత్తు నుంచి చూడాలని ఆవిడ మోకాళ్ళ మీద ఇల్లంతా పాకేది, ఇంటాయన్ని కూడా పాకించేది.

"చెప్పండి సార్, ముందు ఏం కనబడుతోంది?"

"ఇస్త్రీపెట్టె వైరండీ."

"లాగబుద్ధవుతోందా?"

ఆఫీసులో పదిమందిని హడలగొట్టే ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, "నిజం చెప్పాలంటే, అవుతోందండీ" అని ఒప్పుకునేవాడు.

తన కళ్ళల్లో దుమ్ము కొట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదని ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక్క ఇంటిని మాత్రం వదిలేసింది. కొడుకింట్లో ఏనాడూ గొడుగు మర్చిపోలేదు. కట్ల గది కబుర్లు వింటూ పెరిగినవాడికి వేరే పరీక్ష దేనికి? ఏడాది నిండిన మనవరాలంటే ఆవిడకి ప్రాణం. కొడుకు కారు కొన్నప్పుడు అడిగింది కూడా ఒక్కటే. "వెనకాల మనవరాలికంటూ చిన్న సీటు ఒకటి బిగించు. అందులో పిల్లని కూర్చోబెట్టి పట్టీ వేశాకే తాళం తిప్పు." "నువ్వు చెప్పాలా అమ్మా" అన్నాడు వాడు. ఎంత బాగా పెంచానో అనుకుని పొంగిపోయింది. అక్కడికి కూడా వెళ్ళేముందు ఫోను చేయడం మానలేదు.

ఆ ఆదివారం కూడా ఫోను చేసే వెళ్ళింది. కారు వెనక సీట్లో నీలం రంగు పిల్లల సీటు, దాని పట్టీ మీద కుందేలు బొమ్మ. చూడగానే కళ్ళు చెమర్చాయి. కిందటి వారం కొడుకుండే మేడలోనే పై అంతస్తువాళ్ళ కారులోనూ ఇలాంటి కుందేలునే మెచ్చుకుంది. అంతకుముందు కింది అంతస్తువాళ్ళ కారులో కూడా. ఒకళ్ళని చూసి ఒకళ్ళు కొంటున్నారు, నా మాట జనం తలకెక్కుతోంది అని గర్వపడింది. ఆ సంతోషంలో మనవరాలిని ముద్దాడి, ముద్దాడి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నిజంగానే గొడుగు మర్చిపోయి బస్టాపుకి వెళ్ళిపోయింది.

ఎండలో నిలబడ్డాక గానీ గొడుగు గుర్తు రాలేదు. వెనక్కి వెళ్దామా అనుకుంటుండగా కొడుకు కారు వచ్చి పక్కన ఆగింది. స్టీరింగు ముందు వాడు, వాడి ఒళ్ళో పిల్ల. బుల్లి చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"అమ్మా, గొడుగు! నీ మనవరాలే నడుపుకుంటూ తెచ్చింది చూడు!"

తాను కట్టు కట్టిన నుదుళ్ళన్నీ ఆవిడ కళ్ళ ముందు మెదిలాయి. కారు తలుపు తీసి, పిల్లని లాక్కుని గుండెలకి హత్తుకుంది.

"మెల్లగానే వచ్చాను. నువ్వు బస్సెక్కేస్తావేమోనని కంగారులో... ఒక్క నిమిషం పనికి ఏమవుతుందమ్మా, రెండు వీధులేగా!"

ఆ ఒక్క నిమిషం చివరికి తన కడుపున పుట్టినవాడి నోట్లోంచే వచ్చింది.

"ఇందాక సీటుందిగా? ఏదిరా?"

వాడు గొడుగు పిడి వంక శ్రద్ధగా చూశాడు. "కింద అంతస్తువాళ్ళకి ఇచ్చేశాను."

"నీ సీటు వాళ్ళకెందుకు?"

"అది వాళ్ళదేనమ్మా. నువ్వొస్తున్నావంటే... మేడంతా దాన్నే వంతులేసుకుని పెట్టుకుంటాం."

అంతస్తు అంతస్తుకీ వెళ్ళి ఒకే కుందేలుకి సన్మానం చేసి వచ్చిందన్నమాట! కోపం ముంచుకొచ్చింది. దాని వెనకాలే సిగ్గు వచ్చింది. ఊరందరి ఇళ్ళకీ వెనక్కి తిరిగి వెళ్ళి చూసిన మనిషి, తన ప్రాణం ఉన్న ఇంటికి మాత్రం ఫోను చేసి మరీ వెళ్ళింది.

"సరే, తప్పే. ఎక్కమ్మా, ఇంటికెళ్ళి తిడుదువుగాని."

"కారు ఇక్కడే పక్కకి పెట్టు."

"ఈ ఎండలో ఇంటిదాకా నడవాలా?"

"రెండు వీధులేగా" అంది నర్సమ్మ.

కారు పక్కకి పెట్టి నడక మొదలుపెట్టారు. పిల్ల నానమ్మ కళ్ళజోడు పీకే పనిలో మునిగిపోయింది. కొడుకు చెమటలు కక్కుతూ వాళ్ళిద్దరికీ గొడుగు పట్టుకుని నడిచాడు. మలుపు తిరిగాక మెల్లగా అన్నాడు.

"రేపే కొంటానమ్మా. మాకంటూ ఒకటి. నువ్వే వచ్చి చూసుకో."

"వస్తాను."

"ఎప్పుడొస్తావు?"

"ఫోను చేసి మాత్రం రాను" అంది ఆవిడ, మనవరాలి తల మీదికి గొడుగు ఇంకాస్త లాగి.